పాడని చివరి చరణం

మొన్న మా మనవరాలు ఫోన్‌లో ఒక వీడియో చూపించింది. ఎక్కడో అమెరికాలో ఒక నల్లజాతి పెద్దాయన, నా ఈడువాడే, జీవితమంతా వయొలిన్లకూ పియానోలకూ సంగీతం రాశాడట. ఏడాదిలో తమ నల్లవాళ్ల చరిత్రకని అక్కడ కేటాయించిన ఆ ఒక్క నెలలోనే కచేరీల వాళ్లకు తాను గుర్తొస్తానని, అప్పుడు కూడా డ్రమ్ములున్న పాటే అడుగుతారని నవ్వుతూ చెబుతున్నాడు. ఆ నవ్వు నాకు తెలుసు. సూర్యాపేట బడిలో సంగీతం పంతులుగా పనిచేసినన్నాళ్లూ నేను నవ్వింది అదే.

మాది ఆత్మకూరు. మా అయ్య డప్పు కొట్టేవాడు, మిర్యాలగూడలో మా గురువుగారి మృదంగాలకు తోళ్లు ఇచ్చేవాడు. తోలు లోపలికి పోయేది, మేము అరుగు మీదే ఆగేవాళ్లం. అక్కడ కూర్చుని వింటూ వింటూనే నాకు పాట పట్టుబడింది. గురువుగారు మంచివారు, కాదంటే కళ్లు పోతాయి, కొన్నాళ్లకు నన్నూ లోపలికి పిలిచి పాఠం చెప్పారు. ఇరవై రెండో ఏట హిందోళంలో ఒక కీర్తన కట్టాను. రాసినవాడు తన గుర్తుగా చివరి చరణంలో ముద్ర వేసుకోవడం మన సంప్రదాయం కదా, నేనూ ‘చర్మకార సుతుడు’ అని వేసుకుని మురిసిపోయాను. మా అయ్యకు పాడి వినిపిస్తే, "నన్ను గూడ పాటల పెట్టినవా బిడ్డా" అని కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

నా మొదటి కచేరీ మిర్యాలగూడలోనే, ఒక రైసుమిల్లు ఆవరణలో. మా అయ్య వెనక వడ్ల బస్తాల దగ్గర నిలబడ్డాడు. నేను వేదిక ఎక్కబోతుంటే గురువుగారు భుజం మీద చెయ్యేసి, "పాట బంగారం రా. ఆ కడ చరణం ఒక్కటి ఇయ్యాల విడిచిపెట్టు, వచ్చేసారి పాడుదువు గాని" అన్నారు. విడిచిపెట్టాను. చప్పట్లు మోగాయి. మా అయ్య మాత్రం పాట ఇంకా ఉన్నదనుకుని, చేతులు కట్టుకుని అట్లాగే ఎదురుచూస్తున్నాడు.

ఆ వచ్చేసారి రానే లేదు. పాట నోటికి నోటికి పాకింది. బడిలో పిల్లలకు నేనే నేర్పాను, ఆ చరణం లేకుండానే. ఎవరూ నన్ను ఆపలేదు, భయమే అలవాటైపోయింది.

పోయిన వారం కోదాడ నుంచి ఫోను వచ్చింది. అన్ని వర్గాలకూ చోటిచ్చే సంగీతోత్సవమట, పోస్టరు మీద నా పేరూ, పక్కన కులమూ పెద్దక్షరాల్లో వేస్తారట, డప్పు తెచ్చుకోమన్నారు. నాకు డప్పు రాదు. మా అయ్య దాన్ని ఏనాడూ నా చేతికివ్వలేదు. హిందోళం కీర్తన పాడతానన్నాను.

"అది పాతకాలం నాటిదండీ మాస్టారూ, ఎవరు రాశారో కూడా తెలీదు. మీది ఏదైనా వినిపించండి" అన్నాడు ఫోను చేసిన నిర్వాహకుడు ఎంతో మర్యాదగా. నాదేనని చెప్పడానికి ఆ చరణమే ఆధారం. అది విన్నవాళ్లు గురువుగారూ, మా అయ్యా; ఇద్దరూ లేరు. సరేనండీ అన్నాను.

కాలం మారలేదని అనను. అప్పుడు పాట కావాలి, పేరు వద్దన్నారు. ఇప్పుడు పేరు కావాలంటున్నారు, పాట ఎవరిదో తెలియదంటున్నారు. ఇది రాస్తుంటే వంటింట్లో మనవరాలు అదే కీర్తన కూనిరాగం తీస్తోంది, బడిలో నేర్చినంత వరకే. అది ఆపిన చోట, ఇంకా ఉన్నదని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే, నోరు తెరవలేక కూర్చున్నాను.