బెల్లు కొట్టేదాకా

తెనాలి కాలేజీలో నా పక్క బెంచీ అమ్మాయిది అడవులదీవి. రేపల్లె దాకా బస్సు, అక్కణ్ణుంచి రైలు. ఏ పరీక్షలోనూ ఆఖరి బెల్లు కొట్టేదాకా పేపరు ఇచ్చేది కాదు.

ఆ రోజు తను అప్పటికే రెండుసార్లు తప్పిన లెక్కల పరీక్ష. హాలంతా ఖాళీ అయింది. నేను గుమ్మం బయట ఆమె కోసం నిలబడ్డాను.

"రానిదానికి ఎంతసేపు కూర్చుంటావమ్మా? ఇచ్చేసి పో," అని ఇన్విజిలేటర్ విసుక్కున్నాడు.

"ఇంకా బెల్లు కొట్టలేదు కదండి," అంది తలెత్తకుండానే.

ఆ మహానుభావుడు లేచి ఫ్యాను కట్టేశాడు. ఏప్రిల్ ఉక్కలో ఆమె చున్నీతో నుదురు తుడుచుకుని, తప్పని కొట్టేసిన లెక్కనే మళ్లీ మొదలుపెట్టింది.

బెల్లయ్యాక బయటికొచ్చింది. "వచ్చిందా?" అన్నాను.

"రాలేదే. అయినా ఆ మూడు గంటలూ నావి. ఆయనకెందుకివ్వాలి?"