తాతయ్య స్వెట్టర్, నాన్న కవి

మా చిన్నప్పుడు... సిడ్నీలో, గిరావీన్‌లోని అద్దె ఇంట్లో, శనివారం వచ్చిందంటే గుమ్మం నిండా చెప్పులే. నాన్న దగ్గరికి ట్యూషన్‌కి వచ్చే హైస్కూల్ పిల్లలవి. తెనాలిలో ఇంగ్లిష్ లెక్చరర్‌గా వెలిగిన మనిషికి ఇక్కడ ఏ కాలేజీ వాళ్ళూ ఉద్యోగం ఇవ్వలేదు మరి. 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లు ఆగిపోతాయని భయపడ్డ రోజులవి; ఆ వై2కె పని మీద అమ్మకి వీసా వస్తే, నాన్నా నేనూ ఆవిడ వెనక వచ్చాం.

నాన్నకి ప్రాణం విక్టోరియా రాణి కాలం నాటి ఒక కవి. చిన్న వయసులో పోయిన స్నేహితుడి కోసం ఏళ్ళ తరబడి రాస్తూనే ఉన్నాడట ఆయన. దేవుణ్ణి శంకించడం, భయపడటం, మళ్ళీ నమ్మడం...

"నాలుగు లైన్లూ చూడండమ్మా. మధ్య రెండూ ఒకలా రైమ్ అవుతాయి, చివర్లో మళ్ళీ మొదటి లైన్ సౌండే వస్తుంది. దుఃఖం అంతే, ముందుకెళ్ళినట్టే వెళ్ళి మొదటికొస్తుంది" అనేవాడు నాన్న. వాళ్ళేమో, "అంకుల్, ఎగ్జామ్‌లో వస్తుందా?" అనేవాళ్ళు.

1999 డిసెంబరులో ఆ పని ఒత్తిడికి అమ్మ ఇంటిపట్టున ఉంటే ఒట్టు. సిడ్నీలో అది నడివేసవి. ఒక మధ్యాహ్నం తెనాలి నుంచి మావయ్య ఫోన్ చేశాడు. వింటూ వింటూ నాన్న గోడకి ఆనుకుని కూలబడిపోయాడు. "ఏం లేదమ్మా, ఎండకి కళ్ళు తిరిగాయి" అన్నాడు నాతో.

తాతయ్య పోయారని, అమ్మ వాళ్ళ నాన్న పోయారని, నాకు తర్వాత తెలిసింది. "ఇప్పుడు చెప్తే అక్క అన్నీ వదిలేసి బయల్దేరుతుంది బావగారూ. ఉద్యోగం పోతే వీసా పోతుంది. జనవరి దాకా చెప్పకండి" అన్నాడట మావయ్య. నాన్న సరేనన్నాడు.

ఆదివారం ఆదివారం అమ్మ ఫోన్ కార్డు గీకి కాల్ చేసేది. "నాన్నని పిలవరా" అంటే, "పడుకున్నారక్కా" అనేవాడు మావయ్య. మళ్ళీ ఆదివారం "గుడికెళ్ళారక్కా"... పిచ్చితల్లి, నమ్మేసింది.

క్రిస్మస్ మర్నాడు సేల్‌లో తాతయ్య కోసం ఊలు స్వెట్టర్ కొంది. "మీదీ నాన్నదీ ఒకటే సైజు, ఒకసారి వేసుకోండి" అంది. మండిపోయే ఎండల్లో నాన్న ఆ స్వెట్టర్ వేసుకుని నిలబడ్డాడు. చెమటలు కారిపోతున్నాయి. అమ్మ చుట్టూ తిరిగి భుజాలు సర్ది, "చక్కగా ఉంది, నాన్న మురిసిపోతారు" అంది.

కొత్త సంవత్సరం వచ్చింది. కంప్యూటర్లు ఆగలేదు, ప్రపంచం మునగలేదు. ఆఫీసులో ఇచ్చిన కేకు అమ్మ సంబరంగా ఇంటికి తెచ్చింది. అందరం తిన్నాక నాన్న చెప్పాడు. అప్పటికి పెద్దకర్మ కూడా అయిపోయింది.

అమ్మ ఏడవలేదు. తిన్నదంతా సింకులో కక్కేసింది. నోరు కడుక్కుని అంది... "మీ కవికి ఏడవడానికి అన్నేళ్ళు ఇచ్చారు కదండీ. మా నాన్న కోసం నాకు ఒక్క పూటైనా ఇవ్వలేకపోయారా?"

నాన్న మళ్ళీ ఆ కవి జోలికి పోలేదు. పిల్లలు అడిగితే సిలబస్ మారిందనేవాడు. ఇంతా చేస్తే, అమ్మ వై2కె కాంట్రాక్టు ఫిబ్రవరి దాటకుండానే అయిపోయింది. అమ్మ మళ్ళీ ఉద్యోగం వెతుక్కోవాల్సి వచ్చింది.

ఇప్పుడు చావు కబురు క్షణాల్లో వచ్చేస్తోంది. చితిని కూడా ఫోన్‌లోనే చూసేస్తున్నాం. అయినా దాచేవాళ్ళు దాస్తూనే ఉన్నారు... మన మంచికేనట! మీ ఇంట్లోనూ ఇలా దాచిన కబురుంటే చెప్పండి. నేనొక్కదాన్నే ఇన్నేళ్ళూ మండిపడుతున్నానేమో తెలుసుకోవాలి.

అమ్మ ఇవాళ్టికీ అంతే. వీడియో కాల్‌లో అమ్మమ్మని అడిగినప్పుడు మావయ్య "అమ్మ పడుకుందక్కా" అన్నాడంటే చాలు...

"లేపరా. ముఖం చూపించు" అంటుంది.