ఫెర్రీ బల్ల మీద సినిమా తీర్పులు

సునామీ వచ్చి అప్పటికి ఏడాది దాటింది. పోర్ట్ బ్లెయిర్‌కి సముద్రపు పాయ అవతల ఉన్న బాంబూఫ్లాట్‌లో మా వీధి చివర నేల కుంగిపోయి, పోటు వేళకి రోడ్డు మీదికి ఉప్పునీళ్ళు ఎక్కేవి. పొద్దున్న ఫెర్రీకి వెళ్ళే ఆడవాళ్ళం చెప్పులు చేత్తో పట్టుకుని, కుచ్చెళ్ళు పైకెత్తుకుని ఆ నీళ్ళలోనే నడిచేవాళ్ళం. నడుస్తూ మేం మాట్లాడుకున్నది మాత్రం నీళ్ళ గురించి కాదు. ఫలానా సినిమాలో హీరోయిన్ రెండో పాటలో కట్టిన చీర ఆమెకి బొత్తిగా నప్పలేదని.

నేను అప్పుడు పోర్ట్ బ్లెయిర్‌లో ఒక ఆఫీసులో క్లర్కుని. బాంబూఫ్లాట్ నుంచి అవతలి రేవు చాథం దాకా ఫెర్రీ మీద పావుగంట పైచిలుకు ప్రయాణం. ఫెర్రీలో ఎడమవైపు పొడవాటి బల్ల మాది. ఎవరూ రాసివ్వలేదు గాని, అక్కడ కూర్చునే ఆరేడుగురం తెలుగువాళ్ళమే కాబట్టి మాదే అనుకునేవాళ్ళం. ఆ బల్ల మీద కూర్చుని మేం ఖండించని దర్శకుడు లేడు, క్షమించిన హీరో లేడు.

మా బల్లకి పెద్ద ఒకాయన. పోర్ట్ బ్లెయిర్ బజారులో ఇనుపసామాన్ల కొట్టుంది, అందుకని అందరం కొట్టాయన అనేవాళ్ళం. యాభై దాటిన మనిషి. తెల్లచొక్కా జేబులో రెండు పెన్నులు, వాటిలో ఒకటి రాయదు. సునామీ తర్వాత ఊరంతా రేకులూ మేకులూ కావాలి కాబట్టి, సరుకు కోసం మూడు నెలలకోసారి ఓడెక్కి విశాఖపట్నం వెళ్ళొచ్చేవాడు. మాకు కొత్త సినిమా అంటే ఓడ సిబ్బంది తెచ్చే సిడి. అది చేతులు మారి మా వీధికి వచ్చేసరికి గీతలు పడి, హీరో సవాలు చేస్తూ చేస్తూ నోరు తెరుచుకుని ఆగిపోయేవాడు. కొట్టాయన మాత్రం చల్లటి హాల్లో పెద్ద తెర మీద చూసొస్తాడు. అంచేత ఆయన మాటకి తిరుగు లేదు. ఆయన ఓడ దిగిన మర్నాడు మేమే జరిగి బల్ల మధ్యలో చోటిచ్చేవాళ్ళం.

ఆయన తొందరపడేవాడు కాదు. తాడు విప్పి, ఫెర్రీ కదిలి, అందరం తన వైపు తిరిగేదాకా ఆగి అప్పుడు చెప్పేవాడు.

"ఫస్టాఫ్ ఏక్‌దం సూపర్. సెకండాఫ్ పూరా బేకార్."

ప్రేమకథైనా, దెయ్యం కథైనా, దేవుడి కథైనా ఆయన తీర్పు ఇదే. తర్వాత వివరాలు. "డైరెక్టరుకి ఏటి సెప్పాలో క్లారిటీ లేదు. మ్యూజిక్కి పదికి నాలుగు. అది కూడా నేను కాబట్టి." ఏళ్ళ తరబడి ఎవరో చెమటోడ్చి తీసిన సినిమా, ఫెర్రీ చాథం చేరేలోపల ముగిసిపోయేది. చాథంలో దిగి ఎవరి పనికి వాళ్ళం వెళ్ళేవాళ్ళం, లోకానికి ఏదో మేలు చేసినట్టు.

నన్ను నేను మినహాయించుకోవడం న్యాయం కాదు. కొట్టాయన ఎనిమిదింటికి చెప్పిన అభిప్రాయం పదింటికల్లా ఆఫీసులో నా అభిప్రాయమైపోయేది. ఓసారి ఒక సినిమాని అలాగే చీల్చి చెండాడుతున్నాను. నా పక్క సీట్లో ఉండే బెంగాలీ దీదీ ఫైలు మూసి, శ్రద్ధగా వింటూ, "కహానీ క్యా హై?" అని కథ అడిగింది.

"కహానీ మే దమ్ నహీ హై" అన్నాను.

"దమ్ ఛోడో. కహానీ బతావో." దమ్ము సంగతి వదిలి కథ చెప్పమంది.

హీరోకి ఒక చెల్లెలుందని మాత్రమే నాకు తెలుసు. ఆ చెల్లెల్ని పట్టుకుని రెండు నిమిషాలు ఈదాను. ఇక మునుగుతాననగా పెద్దసారు పిలిచాడు. ఆయన పిలుపుకి నేను సంతోషించింది ఆ ఒక్కసారే.

ఆ రోజుల్లోనే మా బల్ల మీదికి ఒకావిడ వచ్చింది. ముప్పై అయిదేళ్ళుంటాయి. క్యాంప్‌బెల్ బే నుంచి వచ్చింది, అంటే దీవుల్లో అట్టడుగున, సునామీ నేరుగా కొట్టిన చోటు. ఇల్లు పోయింది. కొన్నాళ్ళు సర్కారు రేకుల షెడ్డులో ఉండి, తర్వాత భర్తనీ పిల్లలనీ వెంటబెట్టుకుని బాంబూఫ్లాట్‌లో అన్నగారింటికి చేరింది. పోర్ట్ బ్లెయిర్‌లో ఒక బళ్ళో ఆయాగా పని దొరికింది. ఈ సంగతులన్నీ ఆవిడ చెప్పలేదు. ఆవిడ బల్ల మీద కూర్చోకముందే మాకు తెలిసిపోయాయి.

మొదటివారం మేం సినిమాల ఊసెత్తలేదు. అంత నష్టపోయిన మనిషి ముందు హీరోయిన్ చీర గురించి మాట్లాడితే బాగుండదని మా మర్యాద. వానల గురించీ దేవుడి దయ గురించీ మాట్లాడాం. ఆ రెండింటి మీదా మాకు చెప్పుకోదగ్గ అభిప్రాయాలు లేకపోవడంతో ప్రయాణం భరించలేనంత పొడుగైపోయింది. ఎనిమిదో రోజున మర్యాదని పక్కనపెట్టి సినిమాల్లోకి దిగాం. ఆవిడ ఒళ్ళో సంచీ పెట్టుకుని వినేది. ఎప్పుడూ ఒక్కమాట కలిపేది కాదు. పాపం, సినిమాలు చూసే స్థితిలో లేదనుకున్నాం.

కొన్ని నెలల తర్వాత కొట్టాయన విశాఖపట్నం నుంచి వచ్చాడు. యథాప్రకారం మధ్యలో కూర్చున్నాడు. ఫెర్రీ కదిలింది.

"ఈసారి ఒకటొచ్చింది. సునామీ పెట్టి తీసినారు" అన్నాడు.

అందరం ఆవిడ వైపు చూశాం. ఆవిడ మామూలుగానే ఉండేసరికి మళ్ళీ ఆయన వైపు తిరిగాం.

"ఫస్టాఫ్ సూపర్. సెకండాఫ్‌లో అల వస్తాది. బాగానే వస్తాది గాని న్యాచురాలిటీ లేదు. నీళ్ళు మరీ నీలంగా ఉన్నాయి. సునామీ నీళ్ళు అలాగుంటాయేటి? మనం సూసినవాళ్ళం కదా. మనకే సూపిస్తే ఎలాగ?"

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ ఆదివారం పొద్దున్న సునామీ వచ్చినప్పుడు కొట్టాయన దీవుల్లో లేడు. విశాఖపట్నంలో లాడ్జి గదిలో కూర్చుని టీవీలో చూశాడు. నేను దీవుల్లోనే ఉన్నాను గాని నేను చూసిందీ గొప్పగా లేదు. భూమి ఊగి వంటింట్లో గిన్నెలు పడ్డాయి, మేడెక్కాను, వీధిలోకి నీళ్ళొచ్చి మా గుమ్మం రెండో మెట్టు దగ్గర ఆగి వెనక్కి పోయాయి. మెయిన్‌లాండ్‌లో ఉన్న చుట్టాలకి ఫోన్లో చెప్పేటప్పుడు మాత్రం ఆ నీళ్ళు నా మోకాళ్ళు దాటి నడుం దాకా వచ్చేవి. మా పిన్నికి చెప్పినప్పుడు భుజాలు కూడా తడిశాయి.

కొట్టాయన గొంతు తగ్గించి ఆవిడతో అన్నాడు: "నీకాడ సెప్పకూడదు గాని సెల్లెమ్మా, ఆ బాధ సరిగ్గా తియ్యలేకపోయినారు."

ఆవిడ అప్పుడు మొదటిసారి నోరు విప్పింది.

"భయ్యా, మీరు హాల్లో సూసినారా?"

"మొదటిరోజు, మొదటి ఆట."

"అందులో ఒక ముసలామె ఉంటాది కదా, మంచం మీద ఉండిపోద్ది. ఆమె ఆకర్ని బతుకుద్దా?"

కొట్టాయన ఒక్క క్షణం ఆలోచించాడు. "లేదు సెల్లెమ్మా, పోతాది. అదే కదా మెయిన్ సెంటిమెంటు. ఆ సీనుకి హాలంతా ఏడుపే. నేను కూడా రుమాలు తీసినాను. ఆ ముసలామె యాక్టింగుకి పదికి ఎనిమిది."

నేను అక్కడితో ఊరుకుని ఉంటే ఈ కథలో నా పాత్ర చిన్నదిగా ఉండేది. ఊరుకోలేదు.

"మా ఆఫీసులోనూ అదే అంటున్నారు. ఆ ముసలామె సీనే సినిమాకి ప్రాణమట" అన్నాను.

మా ఆఫీసులో ఆ సినిమా పేరు కూడా ఎవరికీ తెలియదు. నాకే తెలిసి అయిదు నిమిషాలైంది.

ఆవిడ నా వైపు తిరిగి, కోపం లేకుండా, బళ్ళో పిల్లకి తప్పు దిద్దినట్టు అంది: "ఆ సినిమాలో ముసలామె లేదు దీదీ."

ఇంజిన్ శబ్దం అంత పెద్దదని నాకు ఆ రోజే తెలిసింది. ఆ మాట ఆయనతో అనకుండా నాతో ఎందుకందా అని చాలాకాలం ఉడికిపోయాను.

జరిగిందేమిటంటే, కొట్టాయన వచ్చిన ఓడలోనే ఆ సినిమా సిడి కూడా దిగింది. ఆవిడ అన్నగారికి ఓడలో ఒక ఖలాసీ స్నేహితుడు. ముందురోజు ఆదివారం చర్చి నుంచి వచ్చాక మధ్యాహ్నం వాళ్ళింట్లో అంతా కూర్చుని చూశారు. మేం జాలిపడుతున్న ఆ మనిషి, మా అందరికంటే ముందు ప్రతి సినిమా చూస్తూనే ఉందట.

బల్ల చివర కూర్చునే పోస్టాఫీసు ఆయన మెల్లగా అడిగాడు: "లేకపోతే మరి ఎందుకడిగావమ్మా?"

"అందరూ నాకాడికొచ్చి సునామీ గురించి సెప్తారు భయ్యా. సూసినోళ్ళెవరో సూడనోళ్ళెవరో నాకు తెలియాలి కదా" అంది. ఒళ్ళో సంచీ సర్దుకుంటూ చెప్పింది: "మా అత్త మంచం మీదే ఉండిపోయింది. కాళ్ళు లేవవు. మా ఆయన పిల్లల్నెత్తుకుని కొండకేసి పరిగెత్తినాడు, ఎనక నేను. తిరిగొచ్చి ఆమెని తెద్దామనుకున్నాం. ఆ సినిమాలో ముసలోళ్ళు ఒక్కరు కూడా లేరు. అందరూ పరిగెత్తగలిగినోళ్ళే. నేను సూసినంతసేపూ ఎతికినాను."

చాథం దగ్గర పడుతోంది. ఏదో ఒకటి అనాలి కాబట్టి నేను, "మరి సినిమా ఎలా ఉంది?" అన్నాను. అదొక సిగ్గులేని ప్రశ్న అని నాకు తెలుసు. కానీ మా బల్ల మీద మాకు అలవాటైన ప్రశ్న అదొక్కటే.

"టైంపాస్ అవుద్ది. పిల్లలు రెండోసారి వేయించుకున్నారు. హీరో అలకి ఎదురెళ్ళి అమ్మాయిని ఎత్తుకొచ్చినాడు, సొక్కా నలగలేదు. నాకు నవ్వొచ్చింది" అంది. దిగడానికి లేస్తూ, "నీళ్ళు నీలంగా లేవు భయ్యా. నల్లగానే తీసినారు. ఆ సినిమా మొత్తంలో అదొక్కటే సరిగ్గా తీసినారు" అంది.

ఆ తర్వాత పదిరోజులు కొట్టాయన మా బల్ల మీదికి రాలేదు. ముందు భాగంలో మోటారు సైకిళ్ళ మధ్య నిలబడి వచ్చేవాడు. గాలి బాగుంటుందని చెప్పాడు. పెట్రోలు వాసన తప్ప అక్కడ ఏ గాలీ ఉండదు.

ఒకరోజు చాథం జెట్టీ మీద నా పక్కన నడుస్తూ తనంతట తనే ఎత్తుకున్నాడు.

"హాలుకెళ్తానమ్మా. అబద్ధం కాదు. మా ఆవిడ పోయినకాడి నుంచి పక్క సీటు ఖాళీగా సూస్తూ కూర్చోలేను. ఇంటర్వెల్లో బయటికొచ్చేస్తాను. ఈసారైతే లోపలికే ఎళ్ళలేదు. పోస్టరు సూసొచ్చినాను."

అన్ని సినిమాలకీ ఫస్టాఫ్ సూపర్ ఎందుకయిందో, సెకండాఫ్ బేకార్ ఎందుకయిందో నాకప్పుడు తెలిసింది. జాలి కలిగింది. ఆ జాలి మధ్యలోనే, ఇన్నేళ్ళుగా ఈయన సగం సినిమా చూసి చెప్పిన ముక్కని ఆఫీసులో పూర్తి సినిమాగా అమ్మాను కదా అని ఒళ్ళు మండింది కూడా. ఆ మంట ఎవరి మీదో తేల్చుకోలేక, "పోనీలెండి" అన్నాను.

ఆ వారమే సిడి సంపాదించి ఆ సినిమా మొదటి నుంచి చివరిదాకా చూశాను. అల వచ్చినప్పుడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. గుమ్మం రెండో మెట్టు దాకా వచ్చిన నీళ్ళకే ఇలా ఉంటే, ఆవిడ ఎలా నవ్విందో నాకు అర్థం కాలేదు. ఈ ముక్క బల్ల మీద ఎవరికీ చెప్పలేదు.

కొట్టాయన మళ్ళీ వచ్చి కూర్చున్నాడు గాని, అధికారం ఆవిడకి వెళ్ళిపోయింది. అందరం ఆవిణ్ణే అడిగేవాళ్ళం. ఆవిడ ఏదో మంచితనంతో ఏలిందనుకుంటే పొరపాటు. మొదట్లో కథ పూర్తిగా చెప్పేది. నెల తిరిగేసరికి రుచి మరిగింది. ఒక హీరో ఏడుపు చూసి, "పంటినొప్పి ఉన్నట్టుంది, డాక్టరుకి సూపించాలి" అంది. అందరం పకపకా నవ్వాం. మర్నాడు ఆఫీసులో ఆ మాట నేను నాదిగా వాడుకున్నాను. కొట్టాయన విశాఖపట్నం వెళ్ళే ముందు, "ఏది సూడమంటావు సెల్లెమ్మా?" అని అడిగి మరీ ఓడెక్కేవాడు. "ఇంటర్వెల్ అయ్యాక కూడా కూర్చోండి భయ్యా" అనేది. ఆ రహస్యం ఆవిడకి ఎవరు చెప్పారో తెలియదు. నేనే చెప్పి ఉంటాను.

కొన్నేళ్ళకి క్యాంప్‌బెల్ బేలో ఆవిడకి సర్కారు పక్కా ఇల్లు వచ్చింది. కుటుంబంతో ఓడెక్కి వెళ్ళిపోయింది. ఇల్లు సముద్రానికి దూరంగా, మెరక మీద ఇచ్చారని సంతోషపడింది. మా బల్ల మీద మేం మళ్ళీ వానల దాకా, దేవుడి దయ దాకా దిగజారాం.

ఒకసారి అక్కడి ఫోన్ బూత్ నుంచి నాకు ఫోన్ చేసింది. వారం నుంచి కరెంటు లేదట. "ఏదైనా సినిమా సూసినారా దీదీ? సెప్పండి" అంది.

ముందురోజే ఒకటి చూశాను. "సెకండాఫ్ లాగ్" అని మొదలుపెట్టబోతే, "అది కాదు, కథ సెప్పండి" అంది. మొదటి నుంచి చెప్పాను. ఆవిడ అడుగడుగునా ఆపింది. "ఆ పిల్ల తల్లి ఏమైపోయింది? ఆ ఇల్లు సొంతమా, అద్దెకా?" నాకు తెలియదని ఒప్పుకున్నాను. ఆవిడ వెనక ఎవరో ఫోన్ కోసం హిందీలో గొణుగుతున్నారు.

"మళ్ళీ సూసి సెప్పండి. వచ్చేవారం సేస్తాను" అని పెట్టేసింది.

ఆ ఆదివారం ఆ పనికిమాలిన సినిమాని మళ్ళీ వేసుకుని, కునుకు పట్టకుండా టీ తాగుతూ చూశాను. ఇల్లు అద్దెదే. ఒక సీన్లో ఇంటి ఓనరు కనిపిస్తాడు. తల్లి ఏమైందో మాత్రం డైరెక్టరు కూడా చెప్పలేదు.