కృష్ణ నడుమ బండ మీద

మొన్న టీవీలో సముద్రం అడుగున రాళ్ల సందుల్లో కాపురముండే చేపలకు గాలం వేయడం చూపిస్తుంటే మనవరాలు సంబరంగా చూస్తోంది గానీ, నేను మాత్రం లేచి వరండాలోకి వచ్చేశాను. రజాకార్ల రోజులు ఎరిగిన మీకు ఆ భయం ఎలాంటిదో నేను వేరే చెప్పక్కర్లేదు.

మాది మగ్గం నేసుకునే ఇల్లు. రజాకార్లు ఊరి మీద పడతారని తెలిసి బాపు, నేను, జ్వరంతో ఉన్న బాపు తల్లి, మా అవ్వ, పుట్టిలో కృష్ణ దాటబోయాం. అవతలి గట్టు నిజాం ఏలుబడిలోది కాదు, అక్కడికి చేరితే చాలు. నడి ఏట్లో ఉండగా వెనక తుపాకులు పేలేసరికి పుట్టి నడిపేవాడు మమ్మల్ని ఓ పెద్ద బండ మీద దింపి, సందు చూసుకుని మళ్లీ వస్తానని వెళ్లాడు. అంతలోనే ఏరు పొంగింది.

మూటలో జొన్నపిండి ఉంది, అగ్గిపెట్టె ఉంది, బండ సందుల్లో ఇరుక్కున్న ఎండుపుల్లలూ ఉన్నాయి. పొగ కనిపిస్తే మా ఊరివైపు గట్టు మీది రజాకార్లు కాలుస్తారని బాపు పొయ్యి మాత్రం రాజేయనివ్వలేదు. రాతి సందుల్లో బొమ్మిడాయిలు మసలడం చూసి, మూటకు చుట్టిన నూలు విప్పి పేని, సూది వంచి గాలం చేశాడు. నేతగాడి చేపల వేట చూడాలి మీరు! నూలు రాతికి ఒరుసుకుని తెగినప్పుడల్లా, చేప పోయిందని కాదు, పోగు పాడైందని విసుక్కునేవాడు. చిక్కినవాటిని చీల్చి, తడి నూలు ఆరేసినంత పొందికగా బండ మీద ఎండకు పరిచాడు. ఇంకేముంది, గద్దలన్నీ మా నెత్తి మీదే తిరగసాగాయి. అవే మమ్మల్ని పట్టిస్తాయని వణికిపోయాం. ఆ ఎండుముక్కలు నేను కళ్లు మూసుకుని మింగాను. అవ్వకు గొంతు దిగలేదు.

"జరంత ఏడి గంజి తాపు కొడుకా, పానం కుదుటపడ్తది" అని బాపు చెయ్యి పట్టుకుని అడిగింది. ఆయన గట్టు వైపు చూసి మొహం తిప్పుకున్నాడు. తెల్లవారేసరికి అవ్వ లేదు.

ఆ పొద్దే ఏరు తగ్గి, పుట్టివాడు వచ్చాడు. గద్దలను చూసి మా శవాలన్నా గట్టుకు చేరుద్దామని వచ్చాడట. మమ్మల్ని చూసి నెత్తి కొట్టుకున్నాడు. "ఇంకా దాక్కునే ఉన్నరా అన్నా? రజాకార్లు మొన్ననే పరారైండ్రు, ఇండియా పటాలం దిగింది!"

బాపు ఆ తర్వాత చాలా ఏళ్లు బతికాడు గానీ, ఏటి వైపు మళ్లీ వెళ్లలేదు. ఇప్పుడు ఏ మూల ఏం జరిగినా కబురు మనవరాలి అరచేతిలోని ఫోనులో వాలుతోంది. చూసి నాకు ముచ్చటేస్తుంది, ఏడుపూ వస్తుంది. ఎవరూ లేని గట్టుకు భయపడి, మేము అవ్వకు గుక్కెడు గంజి కాచి పోయలేదు.