జార్జియా రంపం

మా బావగారు అమెరికాలో ఉన్నది మూడు వారాలు. రైతుల టూరులో వెళ్లొచ్చి, జార్జియా రాష్ట్రానికి తానే కరణమైనట్టు మాట్లాడడం మొదలుపెట్టారు.

తిరిగొచ్చిన మొదటి ఆదివారమే ఆగిరిపల్లి, చాట్రాయి రైతులను మా ఇంటికి పిలిచి, టీవీకి ఫోన్ తగిలించి పాఠం చెప్పారు. వాళ్లు వచ్చింది నా పెసరట్ల కోసమని నాకు తెలుసు, వాళ్లకూ తెలుసు, ఆయనకే తెలియదు.

"పైన కొండలండీ. మధ్యలో మనలాగే ఎర్రమట్టి గుట్టలు. కింద సముద్రం దాకా మైదానం, అక్కడ వేరుశనగ, పత్తి వేస్తారు. కానీ అసలు పేరంతా పీచ్ పండుదేనండీ" అంటూ బట్టలారేసే కర్రతో టీవీ మీద పొడిచి మరీ చూపించారు. ఇంతవరకూ నాకు అభ్యంతరం లేదు. వినేసి ఊరుకోవచ్చు.

తర్వాత అక్కడివాళ్లిచ్చిన ఫొటోలు వచ్చాయి. ఆకు రాల్చేసిన పీచ్ చెట్లు, నడిమి కొమ్మలన్నీ తీసేసి గిన్నెల్లా ఉన్నాయి.

"ఏటా చలికాలంలో ఇలా కొట్టేస్తారు. అందుకే విరగకాస్తాయి. మట్టి ఒకటే అయినప్పుడు పద్ధతి వేరే ఏంటి?" అని సంచిలోంచి మడత రంపం తీశారు, అక్కడ కొన్నదట.

ఆ రంపం చూడగానే నాకు మా మామిడితోట గుర్తొచ్చింది. బోరు పక్కనున్న చిన్న రసాల వరస మా అత్తగారు నాకిచ్చింది. పెళ్లయిన కొత్తలో ఆవిడా నేనూ బిందెలతో నీళ్లు పోసి బతికించిన చెట్లవి. మామిడికి కత్తిరింపు కాయ దింపాక, తొలకరికి చేస్తాం. ఇప్పుడు, కార్తీకానికి, కొమ్మ చివర ముదిరి ఉంటుంది, పూత వచ్చేది అక్కడే. ఆ మాటే చెప్పాను.

"అమ్మా, నువ్వు జార్జియా చూశావా?" అన్నారు.

చూడలేదు. పూత చూశాను. మా ఆయన వైపు తిరిగితే ఆయన అల్లప్పచ్చడి నంజుకుంటున్నారు. అన్నగారి ముందు ఆయనకు నోట్లో నాలుక ఉండదు.

మా అమ్మ కంటి ఆపరేషన్‌కి బెజవాడ వెళ్లొచ్చేసరికి తోటంతా గిన్నెలే, నా వరసతో సహా. పుష్యమాసంలో పక్క తోటలు పూతతో విరగబడుతుంటే మా చెట్లు ఎర్రటి లేతాకులు వేసుకుని నిలబడ్డాయి. పూత చూసి ఆ ఏటి కాపు కొనడానికి వచ్చిన వ్యాపారి గేటు దగ్గరే బండి తిప్పుకుని వెళ్లిపోయాడు. నేను బోరు దగ్గర కూర్చుని ఏడ్చాను. ఏడుపు కన్నా కోపమే ఎక్కువ.

వేసవిలో చుట్టాలొస్తే, నూజివీడులో తోట ఉన్నదాన్ని, హనుమాన్ జంక్షన్‌లో రోడ్డు పక్కన రసాలు కొన్నాను. తెలిసినవాళ్లెవరైనా చూస్తారేమోనని తల దించుకుని కొన్నాను. బావగారు ఒకటి పిసికి, మోచేతుల దాకా కార్చుకుంటూ జుర్రుకున్నారు.

"చూశావా అమ్మా! కాసింది తక్కువైనా తీపి ఎలా వచ్చిందో. జార్జియా పద్ధతంటే అదీ."

"జంక్షన్‌లో కొన్నానండీ."

ఆయన టెంక చీకడం పూర్తి చేశారు. "అయితే ఆ తోటాయన కూడా కొట్టించే ఉంటాడు" అన్నారు.

మళ్లీ కార్తీకం వచ్చింది. పొద్దుటి నుంచీ అన్నదమ్ములిద్దరూ రంపం కోసం ఇల్లంతా వెతుకుతున్నారు. బీరువాల వెనకా, మంచాల కిందా చూశారు. వంటింట్లోకి మాత్రం మా ఇంటి మగవాళ్లు అడుగుపెట్టరు. నేను బియ్యం డ్రమ్ములో భుజం దాకా చెయ్యి పెట్టి, అడుగున అది తగిలేదాకా తడిమి చూసుకుని, ఎసట్లోకి బియ్యం తీశాను.