పోయి వచ్చే టేపు

మొన్న పొద్దుగాల చాయ్ దగ్గర మా కడప డ్రైవర్ భాయ్ ఫోను నా ముందల పెట్టి, ఆ స్పెయిన్ పాటగత్తెకు గొంతు చెడిందట, ఇగ స్టేజీల మీద పాడదట అని చెప్పిండు. అయ్యో పాపం అన్న, చాయ్ తాగిన, అంతే. ముప్పై ఏండ్ల పైన ఈ సౌదీల గడిపిన నా ఈడు వాళ్ళకు చెప్పేదేమున్నది, మంచి కబురైనా చెడ్డ కబురైనా చెవుల పడుతది గాని లోపలికి దిగదు. నాకైతే మా ఇంటామె పోయినప్పటి సంది అంతే. ఆమె గొంతు ఎట్లుండెనో కూడా ఇప్పుడు యాదికి రాదు, దాన్ని పోగొట్టింది కూడా ఎవరో కాదు, నేనే.

ఆ పాటగత్తె సంగతి నాకు ఎట్ల తెలుసంటే, కొన్నేండ్ల కింద ఆమె ఈ హుఫూఫ్‌ల పాడనీకి వచ్చినప్పుడు ఆమె మనుషులను బండిల తిప్పింది మా భాయే. వాళ్ళు చెప్పింది కొంత, ఫోన్ల చూసింది కొంత కలిపి నాకు పూసగుచ్చినట్టు చెప్పిండు. సముద్రం ఒడ్డున ఏదో చిన్న ఊర్ల పుట్టిందట, తల్లి పరాయి ఇండ్లల్ల బట్టలుతికేదట, పిల్లను సాకింది అమ్మమ్మ. ఆ ముసలామె చేపలు కడుక్కుంట, చప్పట్లు కొట్టుకుంట, మడిమెతోని నేలను తన్నుకుంట ఏడుపు లాంటి పాటలు పాడేదట, దాన్నే ఫ్లమెంకో అంటరట. ఈ పిల్ల అవి నేర్చుకొని మొదలు పెండ్లిండ్లల్ల పాడి, పట్నం పోయి, అమ్మమ్మ పాటలకు మిషిన్ల దరువు కలిపింది. పాత పాటను పాడు చేస్తున్నవని పెద్దలంతా తిట్టిపోసిండ్రట. ఆమె మాత్రం మానలేదు, ఎన్నో దేశాలు తిరిగింది.

ఆమె స్టేజీకి చెక్కలు వేసింది మా మనుషులే, మేస్త్రీని నేను. స్లాబులకు చెక్కలు కొట్టే మా షట్టరింగ్ పనోనికి మోగే చెక్క అంటే పడదు, కాలు పెడితే కదలొద్దు, కిర్రుమనొద్దు, అదే మా పనితనం. అందుకని కింద సందు లేకుండ ఊత కట్టెల ఆనులు పెట్టి బండరాయి లెక్క బిగించిన. ఆటకు ముందు చూసుకోనీకి ఆమె మేకుల బూట్లేసుకొని వచ్చి, దరువుకని మడిమెతోని తన్నితే ఏం మోగుతది, నా తలకాయ! ఆమె మనుషులు తలలు పట్టుకున్నరు. మా భాయి నవ్వు ఆపుకోలేక, "ఏందన్నా, పాటోళ్ళ మీద నీకు అంత కోపమా?" అన్నడు. ఆనులన్నీ పీకి, కింద గుల్లగ ఉండేటట్టు మళ్ళ వేసిన. ఆ మాట ఆయన ఊకెనే అన్నడు గాని నాకు ఎక్కడ తగలాల్నో అక్కడ తగిలింది.

ఆ రోజు ఆటలో చివరికి దరువంతా ఆపి, ఆమె ఒక పాత టేపుల గొంతు వినిపించింది. అమ్మమ్మదట. గరగర మధ్యల ముసలి గొంతు, వెనుక గిన్నెల చప్పుడు. ఆమె ఆ గొంతుకు చప్పట్లు కొట్టుకుంట కూచున్నది. మైదానంల చానమంది ఏడ్చిండ్రు, మా భాయి కండ్లు తుడుచుకున్నడు. నేను స్టేజీ పక్కన సుత్తె పట్టుకొని నిలబడ్డ. నాకేం కాలేదు. గిన్నెల చప్పుడు విన్నప్పుడు మాత్రం ఆకుల కత్తెర యాదికొచ్చింది.

నేను మొదట్ల ఈ దేశంలనే హఫర్ అల్ బాతిన్‌ల పని చేసినప్పటి మాట అది. అప్పుడు ఫోన్లు లేవు, ఉత్తరం రాయనీకి ఆమెకు చదువు రాదు, అందుకని టేపుల మాట్లాడుకుంటుంటిమి. మా ఊరి దిక్కు ఎవరు ఛుట్టీకి పోతే వాళ్ళ చేతికి టేపు ఇచ్చుడు, వాళ్ళు తిరిగొచ్చేటప్పుడు జవాబు తెచ్చుడు. మా క్యాంపుల అందరి పద్ధతీ ఒకటే, వచ్చిన టేపు వినంగనే దాని మీదనే మన జవాబు నింపి పంపేది. మాట చేరినంక దాంతోని ఏం పని అనుకుంటిమి, ఎవరికీ తప్పనిపించలే. మా ఇంటామె బీడీలు చుట్టుకుంట మాట్లాడేది, తునికాకు కోసే కత్తెర చప్పుడు టకటక పడుతుండె. ముచ్చట్లు అయిపోయినంక టేపు మిగిలితే, తాను కట్టిన పాట ఒకటి ఆ కత్తెర దరువుకు పాడి పంపింది. మావాళ్ళు విని నన్ను ఆట పట్టించిండ్రు, నాకు సిగ్గయ్యింది. ఆ పాట మీదనే నా జవాబు నింపిన. పాటలు పాడి టేపు ఖరాబు చేయకు, ఇంటి ముచ్చట్లు చెప్పు అన్న.

అటెన్క ఏడాదికి ఆమె జ్వరంతోని పోయింది. నన్ను పనికి పెట్టుకున్న కఫీల్ దేశంల లేడు, నా పాస్‌పోర్టు ఆయన దగ్గర ఉండె, నేను ఇల్లు చేరేసరికి దినాలు కూడా అయిపోయినయి. ఆమె పాట మీద నేను జవాబు నింపి పంపిన టేపు ఇంట్ల అట్లనే ఉన్నది, పెట్టి విన్న. అందుల మొదటి నుంచి చివరిదాక నేనే మాట్లాడుతున్న. ఏడుపు అక్కడిదాక వచ్చి ఆగిపోయింది, మళ్ళ రాలే.

స్పెయిన్ ఆమె ఆట అయిపోయిన తెల్లారి, నాకొక ఆశ పుట్టింది. తల్లి పోయేనాటికి మా బిడ్డకు తొమ్మిదేండ్లు, పక్కన కూచొని ఆకులు కోసిన పిల్ల, ఆ పాట దానికన్న వస్తదేమో. ఫోను చేసి, అమ్మ బీడీల పాట ఒక్కసారి పాడు బిడ్డా అన్న. ఇన్నేండ్లల్ల దాన్ని ఏమీ అడగనోన్ని అడిగేసరికి, దానికి గమ్మత్తయి నవ్వింది. నవ్వి, "నాకేడ వస్తది నాయినా, నువ్వు వద్దన్ననాటి నుంచి అమ్మ పాడుడే ఇడిచిపెట్టె గద" అన్నది. దాని మాటల కోపం లేదు. ఉంటే బాగుండు అనిపించింది.

ఆ కాలంల ఈ దేశంల పాట అంటే తప్పనేది, గదిల తలుపేసుకొని, సౌండు తగ్గించి వినేది. ఇప్పుడు లైట్లు పెట్టి మైదానాలల్ల పాడుతున్నరు, ఆ స్టేజీలు నేనే బిగిస్తున్న. ఇంత పెద్ద దేశం తన మాట మార్చుకున్నది. నేను కూడా మార్చుకుందమంటే, పాడు అని చెప్పనీకి ఆమె లేదు.