నేను వేసిన పుండు

నేను చెప్పే కథల్లో పులులు ఉండాల్సినదానికన్నా పెద్దవిగా ఉంటాయని మా పార్వతీపురం వాళ్ళు ఎక్కిరిస్తారు. ఒప్పుకుంటాను. ఇందులో పులి లేదు. దెయ్యమూ లేదు. పగటివేషాలు కట్టి బతికేవాడికి దెయ్యమంటే మసీ, సున్నమూ. కడిగేస్తే కింద మా బావమరిది మొహం. అలాంటివి నేనెప్పుడూ నమ్మలేదు.

తెల్లదొరలు కొండ మీదికి రోడ్డు వేయిస్తున్న రోజులు. వాళ్ళ తరఫున కొండ ఊళ్ళ శిస్తు వసూలు చేసే ముఠాదారు మనుషులు అరకు పల్లెల్లోంచి మగవాళ్ళని కూలి లేకుండా లాక్కుపోయేవారు. అక్కడ నేను నేస్తం కట్టుకున్న బుద్రుకి చోళ్ళు, అంటే రాగులు, కోతకొచ్చాయి. పెళ్ళాం సోంబారికి నెలలు నిండాయి. వాడు రోడ్డు పనికి పోతే చేను అడవిపందుల పాలు, ఇంట్లో ఏడాదంతా పస్తులు.

"నీకు ఏసాలొచ్చు గదా నేస్తం, నా కాలికో పుండెయ్" అన్నాడు.

వేశాను. చోళ్ళ గంజి పిక్క మీద పలచగా ఆరబెడితే తోలు లేచినట్టు ముడతలు పడుతుంది. పసుపులో సున్నం కలిపితే నెత్తురు. అంచులకి మసి. పైన బెల్లం పాకం రాస్తే పచ్చిగా మెరుస్తుంది, ఈగలు వాటంతటవే వస్తాయి.

సోంబారి చూసి, "ఏటన్నా, బువ్వ తిన్నాక సూపించకూడదా" అని మొహం తిప్పుకుంది. ముఠాదారు మనిషి ముక్కు మూసుకుని దూరం నుంచే చూసి పోయాడు. ముగ్గురం పడీపడీ నవ్వుకున్నాం.

ఊరి పక్క పారే గెడ్డ నీళ్ళలో కాలు కడిగేశాం. నేనే తోమాను. కింద చర్మం నున్నగా ఉంది, గీత కూడా లేదు.

మర్నాడు కొడవలి పట్టి చేలోకి దిగిన బుద్రు కుంటుతున్నాడు. వేషం ఇంకా దిగలేదా అని ఎకసెక్కమాడాను. వాడు నవ్వలేదు. సాయంత్రానికి ఒళ్ళు కాలిపోతోంది. శుభ్రంగా ఉన్న ఆ పిక్క మీద, సరిగ్గా నేను పుండు వేసిన మేరకే ఈగలు ముసురుతున్నాయి. తోలితే లేచి మళ్ళీ అక్కడే. బెల్లం వాసన లేదు, కుళ్ళు వాసన. కొండజ్వరమేనని నాకు నేను చెప్పుకున్నాను. జ్వరానికి అంచులుంటాయా?

తెల్లారి, పూజలూ వైద్యమూ చేసే ఊరి దిసారి వచ్చి, కాలంతా తడిమి తల అడ్డంగా ఊపాడు. "కనబడని పుండుకి మందెక్కడ ఎట్టేది?"

సోంబారి నా వేషాల సంచి తెచ్చి ముందు పడేసింది. "మళ్ళీ ఎయ్యన్నా. బేగి ఎయ్."

వేశాను. దిసారి దాని మీద పసరు పిండి, అడ్డాకు చుట్టి కట్టాడు. బుద్రు మూలుగు ఆగింది. నిద్రపట్టిందని సంతోషించాం. ఎండ వాలేసరికి ఊపిరి లేదు.

ఒళ్ళు కడగడానికి కట్టు విప్పాం. నా గంజి, నా ఎరుపు చెక్కుచెదరలేదు. కాని చుట్టూ అంచు కాస్త లోపలికి జరిగి, మానే పుండుకి వచ్చే లేత చర్మం పట్టి ఉంది. గోటితో గీకాను. రాలేదు. అది నేను వేసింది కాదు.

సోంబారి ఆ అంచుని వేలితో మెల్లగా తడిమింది. "మానతంది గదన్నా" అంది.